జైనాబీ కొలిచిన పిల్లలు

మా ఊళ్లో జైనాబీ గురించి ఒక మాట తిరిగింది. బడి పిల్లల అంగీలు కుట్టేటప్పుడు కాలర్ మూలల్లో తాయత్తు పెట్టి కుడుతుందట. ఆ అంగీ తొడుక్కున్న పిల్ల ఇక ఏ వ్యానూ ఎక్కదట. బెదిరించినా, బతిమాలినా సర్కారు బడికే పోతుందట. లేకపోతే టై కట్టి, బూట్లు తొడిగి జగిత్యాల ప్రైవేటు బడి వ్యాను ఎక్కించిన పిల్లలు నలుగురు, ఒక్క ఏడాదిలోనే వ్యాను దిగివచ్చి మా రేకుల వరండా బడిలో ఎందుకు కూర్చుంటారు?

ఈ మాట చెప్పినవాళ్ళు కోపంగా చెప్పలేదు. బీడీ కట్టలు అప్పజెప్పే కాడ, నల్లా కాడ, గొంతు తగ్గించి, కళ్ళు పెద్దవి చేసి, కొంచెం మురిపెంగా కూడా చెప్పుకున్నారు.

మా ఇల్లు బడికి ఎదురుగా ఉంటుంది. మధ్యలో సిమెంటు రోడ్డు, అంతే. జైనాబీది బడి పక్క సందులో మూడో ఇల్లు. నేను అరుగు మీద కూర్చొని బీడీలు చుడతాను. ఒళ్ళో చాట, చాటలో తునికాకు, తంబాకు, దారం. చేతుల పని చేతులు చేసుకుంటాయి. కళ్ళకు పని ఉండదు గనుక అవి రోడ్డు దాటి బడిలోకి పోతాయి, చెవులు కూడా వాటి వెనకాలే పోతాయి. తొమ్మిదో తరగతిలో ఉండగా మా అమ్మకు నడుము పట్టేసి, ఈ చాట నా ఒళ్ళోకి వచ్చింది. పెగడపల్లి హైస్కూలుకు పోవడం ఆగింది. ఇప్పుడు నాకు అందేది ఈ చిన్న బడే. రెండు గదులు, ఒక వరండా, ఒక సారు. పిల్లలు ఎక్కాలు చదువుతుంటే నా వేళ్ళు కూడా ఆ లయలోనే చుడతాయి. ఏడో ఎక్కం దగ్గర వాళ్ళు తడబడితే నాకు కూడా ఒక బీడీ వదులైపోతుంది.

జైనాబీ పుట్టింది సిరిసిల్లలో. వాళ్ళ నాయన సాంచాలు, అంటే కరెంటు మగ్గాలు, నడిపేవాడు. ఆ చప్పుడులో పెరిగిన పిల్లకు పెళ్ళయి మా ఊరికి వచ్చాక నిద్ర పట్టలేదట. ఇంత నిమ్మళంగా ఉంటే ఎట్ల పండుకోవాలె అని ఏడ్చిందట. అప్పుడు ఆమె భర్త హబీబుద్దీన్ మంచం పక్కన మిషను వేసుకొని, గుడ్డ లేకుండానే ఉత్తగ తొక్కేవాడట, ఆమె కునుకు తీసేదాకా. ఆయన టైలరు. కోరుట్లలో చిన్న దుకాణం ఉండేది. వారమంతా అక్కడ, శుక్రవారం ఇక్కడ. ఎనిమిదేళ్ళ కింద ఆయన పోయాడు. దుకాణంలోంచి ఒక మిషను, ఒక కత్తెర, ఒక రేకు పెట్టె మా ఊరికి వచ్చాయి.

జైనాబీ బిడ్డ హుమేరా సిరిసిల్లలోనే బట్టలు కుట్టే కార్ఖానాలో పని చేస్తుంది. పొద్దున పోతే పొద్దుగూకాక వస్తుంది. అందుకే హుమేరా కూతురు సాదియా అమ్మమ్మ దగ్గర ఉంటుంది. ఏడేళ్ళ పిల్ల, రెండో తరగతి. పుట్టుకతోనే ఎడమ కాలు సన్నం. ఇంటినుంచి బడిదాకా గోడ పట్టుకొని నడుస్తుంది. మొదట వాళ్ళ గోడ, తర్వాత పక్కింటి గోడ, తర్వాత బడి గోడ. యాభై అడుగులు ఉంటాయేమో. ఆ గోడల మీద సాదియా చెయ్యి ఎత్తున ఒక గీత నున్నగా తేలింది. పొద్దటి ఎండ పడితే ఆ గీత మెరుస్తుంది.

బడులు తెరిచిన రెండో వారం ఒక అధికారి కారులో వచ్చాడు. వరండాలో కుర్చీ వేయించుకొని కూర్చొని, పిల్లల్ని నిలబెట్టి లెక్కపెట్టాడు. పన్నెండు మంది. మా గంగాప్రసాద్ సారు చేతులు కట్టుకొని నిలబడ్డాడు. సారుది జగిత్యాల, రోజూ బండి మీద వచ్చిపోతాడు.

"ఏప్రిల్ల మళ్ళ లెక్క జూస్త. పదిహేను మంది కన్న తక్కువుంటే గీ బడిని వాగవతలి ఊరి బడిల కలుపుడే," అన్నాడు అధికారి.

వాగవతలి ఊరు రెండున్నర కిలోమీటర్లు. ఆ దారిలో గోడలు లేవు.

సాదియాను దింపడానికి వచ్చిన జైనాబీ అక్కడే ఉంది. కారు పోయిందాకా ఆగి అడిగింది. "సారూ, పదిహేనంటే ఇంకెంతమంది గావాలె?"

"ముగ్గురు, చాచీ."

"ముగ్గురే?"

"ముగ్గురే. గని యాడికెల్లి తేవాలె? ఊళ్ళె పిల్లలు లేక గాదు. అందరు వ్యానెక్కిరి."

జైనాబీ మూడు వేళ్ళు మడిచి, మళ్ళీ తెరిచి, వాటినే చూసుకుంటూ ఇంటికి పోయింది.

ఆ నెలలోనే అంగీల పని ఆమెకు వచ్చింది. బడి పిల్లలకు సర్కారు ఇచ్చే బట్టను ఊరి మహిళా సంఘం కుట్టించాలి. సంఘంలో మిషను మీద కాలర్ కుట్టగలిగింది జైనాబీ ఒక్కతే. సారు పన్నెండు పేర్ల కాయితం ఇచ్చి, బట్ట వచ్చేలోపు కొలతలు తీసి పెట్టమన్నాడు.

జైనాబీకి అంకెలు రాయడం రాదు. హబీబుద్దీన్ కొలతలు ఉర్దూలో రాసేవాడు, ఆమె చేతిలో మాత్రం దారమే. సిరిసిల్ల నుంచి హుమేరా తెచ్చే సాంచాల వేస్టు దారం. ఒక్కో పిల్లకు ఒక్కో దారం. మెడ కొలత కాడ ఒక ముడి, ఛాతీ కాడ రెండు, పొడుగు కాడ మూడు. దారాలన్నీ గడప పైన మొలకు వేలాడేవి. నీలం, పచ్చ, తెలుపు, గాలికి ఊగుతూ. ఏ దారం ఎవరిదో అడిగితే చూడకుండా చెప్పేది, "అది తొవ్వల పడుకుంట లేసుకుంట ఉరికెటోడిది," అని.

కొలతలు బడి ముందే తీసింది. ఆ సాయంత్రం నేను చూస్తూనే ఉన్నాను. పన్నెండు మందీ అయిపోయారు. అప్పుడే జగిత్యాల వ్యాను వచ్చి ఆగింది. టైలు వదులు చేసుకుంటూ పిల్లలు దిగి, జైనాబీ చేతిలో కొలత దారం చూసి చుట్టూ మూగారు. మా వెనక వాడ రజిత కూతురు హాసిని, సాదియా ఈడుదే, అందరికన్నా ముందుకు వచ్చి చేతులు చాపి నిలబడింది.

అక్కడ వేరే ఎవరైనా ఉంటే, మీవి గాదు పోండ్రి అనేవాళ్ళు. జైనాబీ అనలేదు. హబీబుద్దీన్ తన దుకాణంలో పెట్టుకున్న పద్ధతి ఒకటి ఉంది. పండుగకు ఒకింట్లో పిల్లల కొలతలు తీస్తుంటే పక్కింటి పిల్ల వచ్చి టేపు ముందు నిలబడితే, ఆ పిల్లను కూడా కొలవాలి. కుట్టేది లేకున్నా సరే. టేపు దాటేసి పోతే ఆ పిల్ల చిన్నబోతుంది, ఆ పండుగంతా ఆ బట్టల మీద దిష్టి ఉంటుంది. జైనాబీ ఆ పద్ధతే పట్టుకుంది. హాసినిని కొలిచింది. దాని వెనక ఇంకొకరు, వాళ్ళ వెనక ఇంకొకరు. చీకటి పడేసరికి ఇరవై ఏడు దారాలయ్యాయి.

మరునాడు సారు తల పట్టుకున్నాడు. "చాచీ, నీకు నేనిచ్చింది పన్నెండు పేర్లు. ఇరవై ఏడు దారాలేంది? ఇండ్ల సగం మంది ఫీజు కట్టి సదువుకునెటోళ్ళు!"

"నిలబడ్డరు సారూ."

"నిలబడితె?"

"నిలబడితె కొలవాలె గద."

సారు ఆమె ముఖం చూసి, మొలకు వేలాడుతున్న దారాలు చూశాడు. "సరే, వాటిని తెంపి పారెయ్యి," అన్నాడు చివరికి.

"కొలిచిన దారం తెంపద్దు. పిల్లలు ఎదుగరు," అంది జైనాబీ. సారు నవ్వుకుంటూ పోయాడు.

వానలు ముసురు పట్టిన రోజుల్లో బట్ట వచ్చింది. జైనాబీ మా అరుగు మీదనే మూట విప్పి, ఒక అంచు వేళ్ళ మధ్య రుద్ది, నాతో అంది. "మా సిరిసిల్ల బట్టనే బిడ్డా. సాంచ మీద నూలు తెగినకాడ అతికిన ముడి సూడు. ఇది ఎవలో నా లెక్క కండ్లద్దాలున్నోళ్ళు అతికినట్టున్నది."

ఆ రోజు నుంచి సందులో మిషను చప్పుడు మొదలైంది. వాన చప్పుడు, మిషను చప్పుడు, ఎక్కాల చప్పుడు, మూడూ ఒకదాని మీద ఒకటి పరుచుకొని ఏది ఎక్కడ ఆగుతుందో తెలిసేది కాదు. ఆకులు తెచ్చుకోవడానికి పోతూ ఒకసారి ఆమె గడప ముందు ఆగాను. హబీబుద్దీన్ రేకు పెట్టె తెరిచి ఉంది. అందులోంచి ఏదో తెల్లటిది తీసి, పోస్టు బిళ్ళంత చిన్న చిన్న ముక్కలు కత్తిరిస్తోంది. ఏందది దాదీ అని అడగాలనుకున్నాను. సాదియా ఆమెను నానీ అంటుంది గానీ ఊరి పిల్లలందరికీ ఆమె దాదీ, నాకూ దాదీయే. అడగలేదు. అడగడం నాకు చేతకాదు.

ఆ అంగీలు తొడుక్కొని పిల్లలు మొదటిసారి ప్రార్థనకు నిలబడిన రోజు నాకు బాగా జ్ఞాపకం. సర్కారు అంగీ అంటే భుజాలు మోచేతుల దాకా జారి, కాలర్ తడిసిన ఆకులా వాలిపోయి ఉండటం మేమంతా చూసిందే. నా అంగీ కూడా అట్లాగే ఉండేది. ఈ అంగీలు ఎవరివి వాళ్ళకే పుట్టినట్టు ఉన్నాయి. కాలర్ మూలలు నిటారుగా నిలబడ్డాయి. పిల్లలు కూడా కొంచెం నిటారుగా నిలబడ్డారు. వాన వెలిసి, రేకుల మీద నుంచి చుక్కలు పడుతూ, ఆ చుక్కల వెనక వాళ్ళ గళ్ళ అంగీలు నీళ్ళలో కనిపించే బొమ్మల్లా కదిలాయి. నేను ఆ పూట వంద బీడీలు తక్కువ చుట్టాను.

ఏడాది అట్లాగే కదిలింది. తంగేడు పూసినప్పుడు పిల్లలు బడిలోనే చిన్న బతుకమ్మ పేర్చారు, సాదియా కూర్చొని పూలు అందించింది. మంచు పడే పొద్దుల్లో సారు పిల్లల్ని రోడ్డు మీద ఎండలోకి తెచ్చి పాఠం చెప్పేవాడు. అప్పుడు బడి మా అరుగు దాకా వచ్చేది. రాజయ్య పటేలు ఇంటి ముందు పసుపు ఉడకబెట్టే రోజుల్లో ఊరంతా ఆ వాసనే. పుస్తకాలు తెరిస్తే కాయితాల్లో కూడా అదే వాసన. అప్పటికి రిజిస్టరులో పదహారు పేర్లు. కొత్తగా చేరిన నలుగురిలో హాసిని ఒకతి. ఇంటి బెల్లు కొట్టాక హాసిని రెండు సంచులు మోస్తుంది. సాదియా గోడ పట్టుకొని నడుస్తుంటే పక్కనే, అంతే నెమ్మదిగా, తనకు కూడా వేరే నడక రాదన్నట్టు నడుస్తుంది.

మాట పుట్టింది జనవరిలో, ఎండకు కూర్చొని పేలు చూసే వేళ. మా పక్కింటి గౌరవ్వ హాసినిని ఒళ్ళో కూర్చోబెట్టుకొని తల చూస్తూ, మెడ దగ్గర చెయ్యి పెట్టి ఆగింది. కాలర్ మూల నొక్కింది. రెండో మూల నొక్కింది.

"ఓ రజితా, ఇట్లరా. ఇండ్ల ఏందో ఉన్నది."

రజిత వచ్చి తడిమింది. "గట్టిగున్నది అవ్వా. నాలుగు మూలల బిళ్ళ."

"బిళ్ళ గాదు, తాయత్తు. అందుకే నీ బిడ్డ మేనమామ ఊరికి రమ్మంటే బడి పోతదని ఏడ్సింది. ఏ పిల్ల ఏడుస్తదే, బడి పోతదని? మంచిగున్న పిల్ల ఏడ్వదు."

ఆ మాట రజిత గుండెలో పడింది. మూడు రోజుల్లో ఊరు చుట్టింది. దర్గాకు పోయి పిల్లలకు తాయత్తు కట్టించుకోవడం మా వాళ్ళందరికీ అలవాటే. తాయత్తంటే ఎవరికీ భయం లేదు. అడగకుండా కట్టడమే వాళ్ళకు నచ్చలేదు. ఫిబ్రవరి మొదట్లో రజిత, ఇంకో తల్లి కలిసి సారు దగ్గరికి పోయి, పిల్లల్ని మళ్ళీ వ్యాను ఎక్కిస్తామన్నారు. పదహారులో ఇద్దరు పోతే పద్నాలుగు.

జైనాబీ ఆ వారమంతా మిషను తొక్కలేదు. సందు నిమ్మళంగా ఉంది. ఆమెకు నిద్ర పట్టి ఉండదని నాకు తెలుసు.

శనివారం తల్లిదండ్రుల మీటింగు. వరండాలో పది మంది దాకా ఆడవాళ్ళు. రజిత హాసిని అంగీని చేతిలో పట్టుకొని వచ్చింది. హాసిని ఇంటి గౌనులో వెనకాల వచ్చింది. నేను రోడ్డు ఇవతల చాట పక్కన పెట్టి నిలబడ్డాను. సాదియా తరగతి గది తలుపు పట్టుకొని నిలబడింది.

"చాచీ, ఇండ్ల ఏం పెట్టినవ్?" రజిత అంగీ ముందుకు చాపింది. "నా బిడ్డకు మంచికే పెట్టినవేమో. గని నన్నడగాలె గదా."

జైనాబీ అంగీ తీసుకొని, ఒడిలోంచి కత్తెర తీసి, కాలర్ మూల కుట్టు విప్పింది. ఒక్కో పోగు తీస్తూ నిదానంగా విప్పింది, కోపం ఉన్న చెయ్యిలా లేదు. చూపుడు వేలు లోపల పెట్టి తెల్లటి చిన్న ముక్క బయటికి తీసి రజిత అరచేతిలో పెట్టింది.

"బుక్రం," అంది. "కాలర్ వాలకుండ పెడతరు. సర్కారు బట్టతోని బుక్రం రాదు. సాయిబు పెట్టెల తునకలు మిగిలినయ్. కాలరంతటికి సాలవు. అందుకే మూలలకే పెట్టిన."

రజిత ఆ ముక్కను అటూ ఇటూ తిప్పింది. గీతలు లేవు, రాత లేదు. మొద్దు గుడ్డ.

గౌరవ్వ తల చాపి చూసింది. "తాయత్తు తీసేసి గుడ్డ వెట్టిందేమో. ఎవరు జూసిండ్రు?"

"ఎప్పుడు దీసింది అవ్వా? అంగి నీ ముందట్నే ఇప్పింది గద," అంది ఎవరో.

"దాని చెయ్యి టైలరు చెయ్యి. కంటికి ఆనుతదా?"

నవ్వారు. రజిత నవ్వలేదు. సారు కూడా నవ్వలేదు. తలుపు దగ్గర సాదియా ఒక కాలి మీద బరువు వేసి అట్లాగే నిలబడి ఉంది. ఆ పిల్లకు ఎంత అర్థమయిందో నాకు తెలియదు. జైనాబీ మాత్రం మనవరాలి వైపు చూడలేదు. చూస్తే ఏడుపు వస్తుందని చూడలేదనుకుంటాను.

అప్పుడు హాసిని వచ్చి తల్లి చేతిలోంచి అంగీ లాక్కుంది. గౌను మీదనే తొడుక్కుంది. విప్పిన కాలర్ ఒకవైపు నాలుకలా వేలాడింది. గుండీలు పెట్టుకుంటూ పోయి సాదియా చెయ్యి పట్టుకొని లోపలికి తీసుకుపోయింది. పలకల పెట్టె దగ్గర ఇద్దరూ కూర్చున్నారు.

వరండాలో రజిత అరచెయ్యి ఇంకా తెరిచే ఉంది.

"అంగి పొట్టిగైనట్టున్నది గద చాచీ," అంది చివరికి.

"ఇంచున్నర ఎదిగింది. కింద మడత ఇడిసిపెట్టిన. ఇప్పుకోవచ్చు."

"ఇప్పు మరి. కాలర్ గూడ కుట్టియ్యి." రజిత ముక్కను తిరిగి ఆమె చేతిలో పెట్టింది. "ఇది గూడ లోపట పెట్టి కుట్టు. తీసేయకు."

జైనాబీ అక్కడే మెట్టు మీద కూర్చొని కొంగుతో కండ్లద్దాలు తుడుచుకుంది. ఎంతసేపు తుడిచినా అవి తేట పడలేదు.

మీటింగు అయ్యాక అందరూ పోతుంటే గౌరవ్వ వెనక ఆగి, జైనాబీ చెవి దగ్గర వంగింది. ఆమె గొంతు తగ్గించినా రోడ్డు దాటి వినిపిస్తుంది. "ఓ జైనాబీ, మా మనుమడు ఇంటర్ల సదువుతలేడు. ఆని అంగికి గూడ ఒక్క ముక్క పెట్టరాదూ?"

"అది బుక్రం గౌరవ్వా!"

"ఏదైతేంది. నీ చెయ్యి మంచిది."

ఆ మాట అట్లా చావలేదు. ఇప్పటికీ ఉంది, కాకపోతే మెత్తబడింది. ఇప్పుడు ఊళ్లో రైకలు, అంగీలు కుట్టించుకునేవాళ్ళు, గట్టిది ఒకటి పెట్టు చాచీ అని నవ్వుతూ అడుగుతారు.

ఏప్రిల్‌లో అధికారి వచ్చే ముందు రోజు గంగాప్రసాద్ సారు రోడ్డు దాటి మా అరుగు దగ్గరికి వచ్చాడు. నా రాత గుండ్రంగా ఉంటుందని ఎవరో చెప్పారట. "అడ్మిషన్ రిజిస్టరు ఒక కాపీ రాసియ్యవా అమ్మా, నా రాత నాకే అర్థం గాదు," అన్నాడు. ఐదేళ్ళ తర్వాత బడి గదిలో బల్ల ముందు కూర్చున్నాను. కిటికీలోంచి మా అరుగు చాలా దూరంగా కనిపించింది. పదహారు పేర్లు, తల్లిదండ్రుల పేర్లు, పుట్టిన తేదీలు, చేరిన తేదీలు తప్పు పోకుండా రాశాను. మరునాడు అధికారి పదహారు మందినీ నిలబెట్టి లెక్కపెట్టి, నా కాయితం మడిచి జేబులో పెట్టుకొని పోయాడు. బడి ఉంది. సాదియా మూడో తరగతికి వచ్చింది.

ఆ రిజిస్టరులో హాసిని చేరిన తేదీ జులై తొమ్మిది. మిగతా ముగ్గురూ అదే నెలలో చేరారు. వాళ్ళ పేర్లు కూడా కలిపి సారు పంపిన పట్టీ ప్రకారం, పదహారు మందికి సరిపడా బట్ట సిరిసిల్ల నుంచి మా ఊరికి వచ్చింది ఆగస్టు ఇరవై మూడున. ఆ నలుగురు వ్యాను దిగి బడికి వచ్చిన నాటికి జైనాబీ ఇంకా ఒక్క అంగీ కూడా కుట్టలేదు. వాళ్ళ దారాలు మాత్రం అప్పటికే ఆమె గడప పైన ఊగుతున్నాయి.